అమ్మీ పేరు మీద ఒక్క కాగితం లేదు

అబ్బా సందూక్‌లో మూడు ఫైళ్లున్నాయి. 2004 నుంచి ఆయన చేయించుకున్న ఖూన్ టెస్టుల కాగితాలన్నీ అందులో తారీఖుల వారీగా ఉన్నాయి. ఫాస్టింగ్ షుగర్ ఎంత, తిన్నాక ఎంత, కొలెస్ట్రాల్ ఎంత, యూరియా ఎంత, అన్నీ. పాతవి పసుపు రంగుకు తిరిగాయి, కొన్నిటి మీద సిరా అలికిపోయింది. అయినా ఒక్కటి కూడా పోలేదు. పోకుండా చూసింది అమ్మీ. ఆమెకు ఇంగ్లీష్ రాదు. ఉర్దూ చదివేది, తెలుగు కూడబలుక్కునేది. కాగితం మీది బొమ్మ, రంగు చూసి అది ఏ ల్యాబ్‌దో చెప్పేది. అబ్బా దవాఖానాకు బయలుదేరితే నీళ్ల సీసాతో పాటు ఫైలు కూడా సంచిలో పెట్టి గడప దాకా వచ్చి ఇచ్చేది.

2016లో అమ్మీ కాలి బొటనవేలికి పుండు పడింది. నెల దాటినా మానలేదు. పసుపు పెట్టింది, మలాం రాసింది, దమ్ చేయించిన నూనె రాసింది. చివరికి నేను నల్లగొండ వెళ్లి దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టర్ సాబ్ పుండు చూసి మొదట అడిగిన సవాల్ ఒక్కటే: "పాత రిపోర్టులు ఏమన్నా ఉన్నాయా?"

నేనూ అబ్బా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అమ్మీ తల దించుకుంది, తప్పేదో తనదే అయినట్టు.

ఏమీ లేవు. యాభై ఆరేళ్ల మనిషి, ముగ్గురు పిల్లల తల్లి. ఆమె ఖూన్‌లో ఏముందో చెప్పే కాగితం ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. ఆ రోజు తీసిన సాంపిల్‌లో హెచ్‌బీఏ1సీ 11.2 వచ్చింది. క్రియాటినిన్ 3.4. హిమోగ్లోబిన్ 7.8. "షుగర్ నిన్న మొన్న వచ్చింది కాదు, పదేళ్ల నుంచి ఉండొచ్చు" అన్నాడు డాక్టర్. పదేళ్లు! ఒకే ఇల్లు, ఒకే దస్తర్‌ఖాన్, ఒకే హండీలోని ఖానా. ఆ పదేళ్లలో అబ్బాకు మూడు నెలలకోసారి టెస్టు జరిగింది. ఆ కాగితాలు దాచిన మనిషికి ఒక్కసారి కూడా జరగలేదు.

మరుసటేడు డయాలసిస్ మొదలైంది. ఆరోగ్యశ్రీ కింద పైసా పడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ వారానికి మూడు రోజులు ఫజర్ నమాజ్ కాగానే ఆటో, నాలుగు గంటలు మెషీన్ మీద, ఇంటికొచ్చాక రోజంతా లేవలేని కమ్జోరీ. 2019 చలికాలంలో అమ్మీ వెళ్లిపోయింది. అల్లా ఆమెకు జన్నత్ నసీబ్ చేయాలి.

ఇది చదివి నేను కోపంలో రాస్తున్నానని మీకు అనిపిస్తే, అవును, కోపంలోనే రాస్తున్నాను. ముందు నా మీద నాకే కోపం. నేను చదువుకున్నవాణ్ని. నా షుగర్ నేను ఏటా చూసుకునేవాణ్ని. అమ్మీ రాత్రిళ్లు నాలుగైదుసార్లు బాత్రూంకు లేస్తుంటే "ఉమర్ హోగయీ" అనుకున్నాను. రెండేళ్లలో రెండుసార్లు చష్మా మారిస్తే కంటి డాక్టర్‌ను తిట్టుకున్నాను. ఆడవాళ్లకు మాటిమాటికీ వచ్చే ఖుజ్లీ కూడా షుగర్ పెరిగిందనే నిషానీ కావచ్చని నాకు తెలియదు, తెలిసినా అమ్మీ ఆ మాట కొడుకుతో చెప్పేది కాదు. ఆమె చెప్పదు గనకే అడగాల్సింది నేను. మందులషాపు ముందు నిలబడి చెప్పలేని బీమారీని ఒక చిన్న సీసాలోని ఖూన్ చెప్పేస్తుంది, ఎవరినీ శర్మిందా చేయకుండా.

ఇక మన బహానాల దగ్గరికి వస్తాను.

మొదటిది అందరికీ తెలిసిందే. "కుచ్ నై హోతా, అల్లా మాలిక్ హై." భాయ్, అల్లా మాలికే. అందులో శక్ లేదు. కానీ ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయాలా, వదిలేసి చేయాలా అని అడిగిన బద్దూకు ముందు కట్టేయమనే జవాబు దొరికిందని తిర్మిజీ రివాయత్ మనకు మదర్సా రోజుల నుంచీ తెలుసు. హజ్రత్ ఉమర్ షామ్‌కు పోతూ దారిలో సర్గ్ దగ్గర వబా ఖబర్ విని వెనక్కి తిరిగిన వాకియా బుఖారీలో ఉంది. తక్దీర్ నుంచి పారిపోతున్నారా అని అడిగితే, ఒక తక్దీర్ నుంచి ఇంకో తక్దీర్ వైపే పోతున్నామనే అర్థంలో ఆయన జవాబిచ్చారు. ఇంత తెలిసిన ఉమ్మత్‌కు తవక్కుల్ గురించి నేను చెప్పేదేముంటుంది. ఒక్కటే అడుగుతాను. దుకాణం షట్టర్‌కు రెండు తాళాలు వేసేటప్పుడు ఈ తవక్కుల్ ఎక్కడుంటుంది? మా అబ్బా షుగర్ టెస్టుకు ఏనాడూ తవక్కుల్ అడ్డు రాలేదు. అమ్మీ దగ్గరికి వచ్చేసరికే వచ్చింది. అది తవక్కుల్ కాదు భాయ్, ఖర్చా తప్పించుకోవడం, తక్లీఫ్ తప్పించుకోవడం. దానికి అల్లా పేరు పెట్టకండి.

ఈ మధ్య దీనికి ఒక తమ్ముడు కూడా పుట్టాడు. "హిజామా చేయించుకుంటున్నాం గదా, గందా ఖూన్ అంతా పోతుంది, ఇక టెస్టు ఎందుకు?" హిజామా చేయించుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ కప్పులో చేరిన ఖూన్ నల్లగా ఉందా ఎర్రగా ఉందా అని చూసి షుగర్ ఎంతో చెప్పగలిగినవాడు దునియాలో లేడు. ఇలాజ్ వేరు, నాపు వేరు. బట్ట కుట్టించుకునే ముందు దర్జీ టేపు పెట్టి కొలుస్తాడు గదా, ఇదీ అంతే.

రెండో బహానా మగవాళ్లు చెప్పేది కాదు, ఆడవాళ్లు చెప్పేది. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం అసలు తాళం అక్కడే ఉందనిపిస్తుంది. టెస్టు అంటే పొద్దున్నే ఖాళీ కడుపుతో పోవాలి. పొద్దున్నే ఇంట్లో ఏం జరుగుతుంది? నీళ్లు పట్టాలి. పిల్లల టిఫిన్లు కట్టాలి. అత్తకు గోలీల టైం. ఆయనకు నాష్తా. చాయ్ రెండుసార్లు. ఇవన్నీ అయ్యేసరికి పది గంటలు. అప్పటికి ఆమె కడుపు ఖాళీగానే ఉంటుంది, నిజమే, కానీ ల్యాబ్‌కు పోయే టైం ఉండదు. పదకొండింటికి నిలబడే రాత్రి మిగిలిన రోటీ తినేస్తుంది. "రేపు పోతా" అంటుంది. ఆ రేపు అమ్మీకి పదేళ్లు పట్టింది. మగవాడు టెస్టుకు పోతే ఇల్లంతా ఆయన కోసం ఆగుతుంది, తిరిగి రాగానే ఇడ్లీ ప్లేటు ఎదురుచూస్తుంది. ఆడమనిషి పోతే ఇల్లే ఆగిపోతుంది.

బహెనో, మీకు ఎవరూ చెప్పని మాట ఒకటి చెబుతాను. హెచ్‌బీఏ1సీకి ఖాళీ కడుపు అక్కర్లేదు. ఎర్ర కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఆ రోజుల్లో ఖూన్‌లో ఎంత షక్కర్ తిరిగిందో దాని మీద అంత అంటుకుంటుంది. అందుకే ఆ ఒక్క నంబర్ గడిచిన రెండు మూడు నెలల హిసాబ్ చెబుతుంది. నిన్న షాదీలో డబుల్ కా మీఠా తిన్నా, ఈ రోజు తినకపోయినా పెద్దగా తేడా ఉండదు. మధ్యాహ్నం మూడింటికి, వంట అయ్యాక, బిడ్డను ట్యూషన్‌లో దింపి వస్తూ కూడా ఇవ్వొచ్చు. 5.7 లోపు ఉంటే బాగున్నట్టు. 5.7 నుంచి 6.4 దాకా హద్దు మీద ఉన్నట్టు. 6.5 నుంచి షుగర్. హిమోగ్లోబిన్‌కూ ఖాళీ కడుపు అక్కర్లేదు, క్రియాటినిన్‌కూ అక్కర్లేదు. కొలెస్ట్రాల్ మామూలుగా చూడ్డానికి కూడా తిన్నాక తీసిన ఖూన్ చాలంటున్నారు ఇప్పుడు. ఫాస్టింగ్ షుగర్ ఒక్కదానికే ఆ షర్తు. దాని పేరు చెప్పి మన ఆడవాళ్ల మొత్తం సేహత్‌ను పొద్దుటి గంటకు కట్టేశాం.

ఒక హెచ్చరిక మాత్రం ఉంది. ఐరన్ తక్కువై ఖూన్ తగ్గిన మనిషిలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపించొచ్చు. ఖూన్ బాగా పోయినవాళ్లలో, కొన్ని ఖాందానీ రక్త బీమారీల్లో తక్కువ చూపించొచ్చు. కాబట్టి అది ఒక్కటే చేయించి ఊరుకోవద్దు, పక్కనే సీబీపీ కూడా ఉండాలి. రెండూ కలిపి చదివే డాక్టర్ ఉండాలి.

ఖూన్ తక్కువ అన్నాను గనక అక్కడ కొంచెం ఆగుతాను. మన ఇళ్లల్లో "ఖూన్ కమ్ హై" అన్నది బీమారీ కాదు, ఆడవాళ్ల మిజాజ్ లాంటిది. మెట్లెక్కితే దమ్ వస్తుంది, ఖూన్ కమ్ హై. చక్కర్ వస్తుంది, ఖూన్ కమ్ హై. జుట్టు రాలుతుంది, ఖూన్ కమ్ హై. ఎంత కమ్? ఎవరికీ తెలియదు. ఒక ఖజూర్ డబ్బా తెచ్చి పెడతాం, రెండు రోజులు చుకందర్ జ్యూస్ తాగిస్తాం, మన ఫర్జ్ అయిపోయిందనుకుంటాం. కడుపుతో లేని ఆడమనిషికి 12 కంటే తగ్గితే అనీమియా అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, కడుపుతో ఉంటే 11. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి అనీమియా ఉందని తేలింది. అదే వయసు మగవాళ్లలో 25 శాతం. ఒకే దేశం, ఒకే బజారు, ఒకే చావల్. ఈ ఫరక్ ఎక్కడి నుంచి వచ్చిందో బావర్చీఖానాలో చివర తినే మనిషిని అడగండి. హలీం గిన్నె ఆమె దగ్గరికి వచ్చేసరికి అడుగున ఏం మిగిలిందో అడగండి. నెలనెలా పోయే ఖూన్ సంగతి ఆమె ఎట్లాగూ చెప్పదు.

7.8 ఉన్న మనిషికి ఖజూర్ చాలదు. గోలీలు కావాలి, ఆ గోలీలు కూడా నెలల తరబడి కావాలి, ఎందుకు తగ్గిందో కనుక్కోవాలి. ఆ గోలీ వేసుకుని మీద గరంగరం చాయ్ తాగితే చాయ్ ఆ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. ఇది నాకు అమ్మీ పోయాక తెలిసింది. ఎన్ని ఇళ్లల్లో అన్నం కాగానే చాయ్ పెడతారో మీకు తెలుసు. ఇంకో మాట. ఐరన్ సరిగ్గా వేసుకున్నా హిమోగ్లోబిన్ పెరగకపోతే, పైగా సీబీపీలో ఎర్ర కణాల సైజు చిన్నగా ఉంటే, హెచ్‌బీఏ2 టెస్టు సంగతి డాక్టర్‌ను అడగండి. అది తలసీమియా క్యారియర్ అవునా కాదా చెబుతుంది. ఖాలాజాద్, మామూజాద్ రిష్తాలు చేసుకునే ఖాందాన్‌లకు ఇది చిన్న విషయం కాదు. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ నలుగురిలో ఒకరికి వచ్చేంత అవకాశం ఉంటుంది. మంగ్నీకి ముందు జహేజ్ గురించి మూడుసార్లు కూర్చుంటాం, ఈ టెస్టు గురించి ఒక్కసారి కూర్చోం.

పర్దా అంటారు. సరే. సాంపిల్ తీసే మనిషి ఆడమనిషి కావాలని అడగడం మీ హఖ్, అడగండి. మన బస్తీ దవాఖానాల్లో, పీహెచ్‌సీల్లో ఖూన్ తీసేది చాలాచోట్ల నర్సమ్మలే. మోచేయి దగ్గర రెండు అంగుళాల చోటు కోసం పదేళ్లు ఆగిన పర్దా, డయాలసిస్ గదిలో పదిమంది మధ్య పడుకోబెట్టినప్పుడు ఏమైంది? నేనే ఆ గది బయట నిలబడి ఉన్నాను, నాకు తెలుసు.

రమ్జాన్‌లో ఖూన్ ఇస్తే రోజా టూట్ జాతా అని ఇంకో గలత్‌ఫహ్మీ. మా మస్జిద్‌లో ఇమామ్ సాబ్‌ను అడిగాను. టెస్టుకు తీసే ఖూన్‌తో రోజా పోదు, హనఫీల్లో వుజూ మాత్రం మళ్లీ చేసుకోవాలి అన్నారు. వేలికి సూది గుచ్చి చూసుకునే మెషీన్‌కూ అదే మాట. షుగర్ ఉండి రోజా ఉండేవాళ్లు పగటిపూట చూసుకోకపోవడమే ప్రమాదం. 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విడవమని డాక్టర్లు అంటారు. బీమార్ మనిషికి తర్వాత కజా చేసుకునే రుఖ్సత్ ఖురాన్‌లోనే ఉంది, అల్లా ఇచ్చిన రుఖ్సత్‌ను కాదనే హక్కు అత్తలకు లేదు.

ఇక పైసల బహానా. ఇక్కడ నాకు ఇంకో వైపు నుంచి కోపం వస్తుంది. ఎందుకంటే పైసలు లేవనే ఇళ్లల్లోనే పైసలు వేరే తోవన పోతున్నాయి.

రెండేళ్ల కింద ఒక జుమా రోజు నమాజ్ కాగానే మా గల్లీలో ఒక ప్రైవేటు ల్యాబ్ వాళ్లు టెంటు వేశారు. "ఫ్రీ షుగర్ చెకప్" అని బోర్డు. వేలికి సూది గుచ్చి నంబర్ చెప్పి చేతిలో కాగితం పెట్టారు: ఫుల్ బాడీ ప్యాకేజీ, ఎనభైకి పైగా టెస్టులు, అసలు ధర నాలుగు వేలు, ఈ రోజుకు మాత్రం 1,499. మా చాచాజాద్ భాయ్, ఏ బీమారీ లేని నలభై ఏళ్ల మనిషి, డబ్బు కట్టేశాడు. మూడో రోజు ఫోన్‌కు పదహారు పేజీల రిపోర్టు వచ్చింది. నాలుగు చోట్ల ఎర్ర గీతలు. అందులో ఒకటి ఆర్ఏ ఫ్యాక్టర్. ఆయనకు ఏ జాయింట్ నొప్పీ లేదు. ఇంటర్నెట్‌లో చూశాక నొప్పులు మొదలయ్యాయి! ఇద్దరు డాక్టర్లు, ఒక స్కాన్, మళ్లీ అవే టెస్టులు. పద్నాలుగు వేలు ఖర్చయ్యాక ఒక పెద్ద డాక్టర్ "ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా కొందరికి ఇది పాజిటివ్ వస్తుంది, పోయి పని చూసుకో" అన్నాడు. అదే ఇంట్లో భాభీ ఉంది. ఆమెకు టెస్టు చేయించారా అని అడిగాను. "దానికేమైంది, అచ్ఛీచ్ హై" అన్నాడు.

ఆ ఎర్ర గీతల వెనక ఒక సీదాసాదా హిసాబ్ ఉంది. చాలా టెస్టులకు నార్మల్ హద్దు ఎట్లా గీస్తారంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో నూటికి 95 మంది అందులో పడేటట్టు గీస్తారు. అంటే ఏ రోగమూ లేని ఇరవై మందిలో ఒకరు హద్దు బయట ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై టెస్టులు ఒకే మనిషికి చేస్తే, కనీసం ఒక్క ఎర్ర గీతైనా వచ్చే అవకాశం 64 శాతం. ఇక ఎనభై టెస్టులంటే గీత రాకపోవడమే అజూబా. ప్యాకేజీ అమ్మేవాడికి ఈ హిసాబ్ తెలుసు. అతని దుకాణం నడిచేదే ఆ గీతల మీద. కొన్ని ప్యాకేజీల్లో క్యాన్సర్ మార్కర్లని కూడా కలుపుతున్నారు, సీఈఏ, సీఏ 125 అని. ఏ తక్లీఫూ లేని మామూలు మనిషిలో క్యాన్సర్ పట్టుకోవడానికి అవి పనికొచ్చే టెస్టులు కావు. డర్ పట్టుకోవడానికి మాత్రం బాగా పనికొస్తాయి.

ఇక్కడ చదువుకున్న కొందరు నన్ను పట్టుకుంటారు. "మరి జనరల్ చెకప్‌ల వల్ల ఫాయిదా లేదని తేలింది గదా, మీ అమ్మీ టెస్టులు మాత్రం ఎందుకు?" సవాల్ సరైనదే. 2019లో కొక్రేన్ సంస్థ ఒక సమీక్ష వేసింది. 17 ట్రయల్స్, రెండున్నర లక్షల మంది. మామూలు మనుషులను పిలిచి జనరల్ చెకప్‌లు చేసినందువల్ల మొత్తం మరణాలు తగ్గలేదని తేలింది. నేను దాన్ని ఒప్పుకుంటాను. ప్యాకేజీల మీద నా కోపానికి అదే గవాహీ. కానీ ఆ ట్రయల్స్ యూరప్‌లో, అమెరికాలో జరిగాయి. చెకప్‌కు పిలవకపోయినా అక్కడి మనిషి ఏదో ఒక పని మీద ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి పోతూనే ఉంటుంది, పోయినప్పుడు ఆయన షుగరూ బీపీ చూస్తూనే ఉంటాడు. పదేళ్లపాటు ఏ డాక్టరూ చూడని మా అమ్మీ ఆ రెండున్నర లక్షల్లో లేదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే మన దేశంలో 11.4 శాతం పెద్దవాళ్లకు, అంటే పది కోట్ల మందికి షుగర్ ఉందని చెప్పింది. ఇంకో 13 కోట్లకు పైగా మంది హద్దు మీద ఉన్నారు. అంత ఎక్కువ ఉన్న బీమారీని, అంత తక్కువ ఖర్చుతో తెలిసే బీమారీని, ఇలాజ్ ఉన్న బీమారీని వెతకడం వేరు. దేని కోసం వెతుకుతున్నామో తెలియకుండా ఎనభై చోట్ల వల వేయడం వేరు.

మరి ఏం చేయించాలి? నేను డాక్టర్‌ను కాదు, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను. ముప్పై దాటిన ప్రతి మనిషికీ షుగర్, బీపీ చూడాలని సర్కారు పథకమే చెబుతోంది. దాంతో పాటు ఆడవాళ్లకు సీబీపీ. ఏడాదికోసారి చాలు. షుగర్ గానీ బీపీ గానీ ఉందని తేలినవాళ్లకు ఏటా క్రియాటినిన్, దానితో పాటు పేషాబ్‌లో ఆల్బుమిన్ తప్పనిసరి. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు. గుర్దా సగం దాకా దెబ్బతిన్నా క్రియాటినిన్ నార్మల్‌లోనే కనిపించొచ్చు, పేషాబ్‌లో ఆల్బుమిన్ అంతకు చాలా ముందే చెబుతుంది. అమ్మీకి చివరిదాకా తెలియనిది అదే. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి కాన్పు తర్వాత పోయిన ఆడవాళ్లు "పోయింది" అని మర్చిపోవద్దు. వాళ్లకు తర్వాత షుగర్ వచ్చే ఖత్రా మామూలు వాళ్ల కంటే చాలా ఎక్కువ, వాళ్లు జిందగీ అంతా చూసుకుంటూ ఉండాల్సిందే. థైరాయిడ్ అందరికీ ప్రతి ఏడాదీ అక్కర్లేదు, నిషానీలు ఉంటే డాక్టర్ రాస్తాడు. అంతే. ఇంతకు మించి ఎవరైనా అమ్మితే, ఎందుకని అడగండి.

వీటికి పైసలు కూడా అక్కర్లేదు. 2018లో హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో తెలంగాణ డయాగ్నస్టిక్స్ మొదలైంది, తర్వాత జిల్లాలకూ వచ్చింది. బస్తీ దవాఖానాలో సాంపిల్ ఇస్తే అక్కడికి పోతుంది, రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. ఆంధ్రాలో ఉన్నవాళ్లకూ పీహెచ్‌సీలో ఈ మూల టెస్టులు ఉచితమే. లైన్ ఉంటుంది. వలీమాలో బిర్యానీ ప్లేటు కోసం నిలబడే లైన్ కంటే చిన్నదే.

కాగితం దాచండి. ఇది చిన్న మాటలా కనిపిస్తుంది గానీ అమ్మీ అబ్బాకు చేసిన పెద్ద ఖిద్మత్ ఇదే. నిరుడు క్రియాటినిన్ 0.7 ఉండి ఈ ఏడు 1.1 అయితే రెండూ నార్మల్ హద్దులోనే ఉన్నట్టు కనిపించొచ్చు, రిపోర్టులో ఎర్ర గీత ఉండదు. కానీ పాత కాగితం పక్కన పెట్టి చూసిన డాక్టర్ ఆగిపోతాడు. ఎనభై టెస్టుల కాగితం ఒకటి కంటే నాలుగు టెస్టుల కాగితాలు ఐదేళ్లవి ఎక్కువ చెబుతాయి. ఫైలు మీద పేరు ఆమెదే రాయండి. "ఫలానా వాళ్ల మిసెస్" అని కాదు.

పోయిన నెల మా ఛోటీ ఖాలాను నేనే బస్తీ దవాఖానాకు తీసుకుపోయాను. అమ్మీ చెల్లెలు, యాభై మూడేళ్లు. రానని గంటసేపు మొరాయించింది. "మేరేకు క్యా హువా బేటా, అచ్ఛీచ్ హూఁ" అంది. మధ్యాహ్నం రెండింటికి పోయాం, అన్నం తినే పోయాం. నర్సమ్మ పేరు అడిగితే ఖాలా మొదట ఖాలూ పేరు చెప్పింది. "మీ పేరు చెప్పండమ్మా" అని మళ్లీ అడిగితే చిన్నగా చెప్పింది. ఫోన్ నంబర్ అడిగారు. ఆమె దగ్గర ఫోన్ లేదు, కొడుకు నంబర్ ఇచ్చింది.

వారమైనా ఖబర్ లేదు. వాడికి ఫోన్ చేశాను. "ఏదో మెసేజ్ వచ్చినట్టుంది భాయ్, దేఖ్‌తూఁ" అన్నాడు. మూడు రోజుల తర్వాత నేనే ఇంటికి పోయి, వాడి ఫోన్ తీసుకుని, బ్యాంకు మెసేజీల కింద, రీచార్జ్ ఆఫర్ల కింద వెతికి పట్టుకున్నాను. హెచ్‌బీఏ1సీ 7.9. హిమోగ్లోబిన్ 9.1. క్రియాటినిన్ 0.8.

ఖాలా బావర్చీఖానాలో నుంచి అడిగింది, చాయ్‌లో షక్కర్ ఎంత వేయాలి బేటా అని. రిపోర్టును కింది దుకాణంలో ప్రింట్ తీయించాను. దాన్ని పెట్టడానికి ఆకుపచ్చ ఫైలు ఒకటి కొన్నాను, ఇరవై రూపాయలు. పైన ఉర్దూలో ఆమె పేరు రాసి చేతికిస్తే, ఖాలా దాన్ని తిప్పి తిప్పి చూసి, ఖాలూ ఫైళ్లున్న అల్మారాలో వాటి కింద పెట్టబోయింది. పైన పెట్టమన్నాను.